పవర్ సీటు ఊగుతుంటే: ఇంట్లో బిగించుకోవాలా, షెడ్డుకు వెళ్లాలా, షోరూముకా?

కాజీపేటలో ఫాతిమానగర్ వంతెన దిగుతూ బ్రేకు వేసినప్పుడు నా కింద సీటు కొద్దిగా ముందుకు జరిగి ఠక్కుమంది. మళ్లీ కారు ముందుకు లాగగానే వెనక్కి జరిగి ఇంకోసారి ఠక్కుమంది. వెనక సీటు కింద నీళ్ల సీసా దొర్లుతోందని వారం రోజులు అనుకున్నాను. సీసా తీసేశాక కూడా చప్పుడు ఆగలేదు. అప్పుడు చెయ్యి పెట్టి చూస్తే సీటు జరిగేది రెండు మూడు మిల్లీమీటర్లే. కానీ బ్రేకు మీద కాలు పెట్టిన ప్రతిసారీ జరుగుతోంది.

ముగ్గురిని అడిగాను, మూడు జవాబులు వచ్చాయి. షోరూములో సీటు కింది పట్టాల జత మొత్తం మార్చాలన్నారు. షెడ్డులో వెల్డింగ్ పెడదామన్నారు. సీటు కవర్లు కుట్టే చోట నాలుగు బోల్టులు బిగిస్తే చాలన్నారు. వారిలో ఎవరూ నన్ను మోసం చేయాలనుకోలేదని ఇప్పటికీ నమ్ముతాను. ఎవరి చేతిలో ఏ పనిముట్టు ఉందో ఆ వైద్యమే చెప్పారు. ముగ్గురిలో ఒక్కరు కూడా కిందికి వంగి, ఆ సీటు సరిగ్గా ఎక్కడ ఊగుతోందో చూడలేదు. అసలు తేల్చుకోవలసింది అదే. ఎక్కడ వదులైందో తెలిస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో దానంతట అదే తేలుతుంది. అది తెలియకుండా ఖర్చులు మాత్రమే పోల్చుకుంటే చవకగా చేయించిన పనికే రెండుసార్లు డబ్బు కట్టవలసి వస్తుంది.

స్విచ్చు నొక్కితే మోటారుతో జరిగే పవర్ సీటు ఒకప్పుడు ఖరీదైన కార్లలోనే ఉండేది. ఇప్పుడు క్రెటా, సెల్టోస్, ఇన్నోవా క్రిస్టా వంటి వాటిలో పై వేరియంట్లకు డ్రైవరు సీటు మోటారుతోనే వస్తోంది. హనుమకొండలో, కరీంనగర్‌లో, మంచిర్యాలలో ఇలాంటి కార్లకు కొదవ లేదు. కాబట్టి ఈ సమస్య నా ఒక్కడిది కాదు.

వాయిదా వేయకూడని పని ఇది

సీటు బెల్టు మనల్ని కారుకు కట్టి ఉంచుతుందని అనుకుంటాం. చాలా కార్లలో నడుము పక్కన క్లిక్కుమని పడే బకిల్ సీటు చట్రానికే బిగించి ఉంటుంది. అంటే బెల్టు మనల్ని పట్టుకుంటే, ఆ బెల్టును పట్టుకునే పనిలో సగం సీటుదే. సీటును కారు నేలకు పట్టి ఉంచేవి నాలుగు బోల్టులు.

ఒక లెక్క వేసి చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నో ఢీకొని, ముందు భాగం నలిగి, 60 సెంటీమీటర్ల దూరంలో ఆగిందనుకుందాం. అందులోని 70 కిలోల మనిషిని ఆపడానికి సగటున టన్నుకు పైగా బలం కావాలి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో బస్తా 40 కిలోల చొప్పున లెక్కేసుకున్నా పాతికకు పైగా మిర్చి బస్తాల బరువది. ఆ బరువులో పెద్ద వాటా రెప్పపాటులో ఆ నాలుగు బోల్టుల మీద, వాటి మధ్య ఉన్న పట్టాల మీద పడుతుంది. వదులుగా ఉన్న చోట ముందు కుదుపు, ఆ తర్వాత లాగుడు. ఈ లెక్క తెలిశాక నేను రేడియో పెంచి చప్పుడును కప్పిపుచ్చుకోలేకపోయాను.

ఇంకో విషయం కూడా ఉంది. మామూలు సీటుకు కింద లాగే కడ్డీ ఉంటుంది, వదలగానే పళ్లు పట్టాలో కూర్చుని తాళం పడుతుంది. చాలా పవర్ సీట్లలో అలాంటి తాళం ఉండదు. మోటారు ఒక పొడవాటి మర కడ్డీని తిప్పుతుంది, ఆ కడ్డీ మీద నట్టు ముందుకూ వెనక్కూ నడుస్తుంది, నట్టుతో పాటు సీటు నడుస్తుంది. కడ్డీ తిరగనంత కాలం నట్టు కదలదు. మనల్ని పట్టి ఉంచేది ఆ మరే. అందుకే మర దగ్గర వచ్చిన అరుగుదలను చిన్న చప్పుడుగా తీసిపారేయకూడదు.

వేలితో చేసే పరీక్ష

దీనికి పానా కూడా అక్కర్లేదు. ఇద్దరు మనుషులు, ఒక టార్చి ఉంటే చాలు. ఎండాకాలమైతే తెల్లవారి ఆరింటికే మొదలుపెట్టండి. మే నెలలో పదింటికి మూసి ఉన్న కారులో సీటు కిందికి తల పెట్టడం సాధ్యం కాదు.

కారును చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేకు వేయండి. మా తమ్ముడు వెనక సీటులో కూర్చుని డ్రైవరు సీటును రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాడు. నేను తలుపు పక్కన మోకాళ్ల మీద కూర్చుని బొటనవేలిని సగం పట్టా పాదం మీద, సగం నేల మీద ఆనించాను. కంటికి కనిపించని కదలికను వేలు పట్టేస్తుంది. రెండు ఇనుప ముక్కలు ఒకదాని మీద ఒకటి జరుగుతుంటే వేలి కింద చర్మం చిన్నగా గిల్లినట్టు అవుతుంది. ఏమీ లేకపోతే ఆ జాయింటు గట్టిగా ఉన్నట్టే, వేలిని తర్వాతి జాయింటు మీదికి జరపాలి. ఇలా కింది నుంచి పైకి వెళ్లాలి: నేల, కింది పట్టా, పై పట్టా, ఎత్తు మార్చే కాళ్లు, చట్రం, వీపు.

పట్టా పాదానికీ నేలకూ మధ్య వేలు గిల్లితే బోల్టు వదులైంది. ఇంట్లో చేసుకోగలిగిన పని ఇది. కింది పట్టా నేలకు అతుక్కుని, పై పట్టా మాత్రం దానిలో ముందుకూ వెనక్కూ జరుగుతుంటే అరుగుదల మర కడ్డీ దగ్గరో, నట్టు దగ్గరో, కడ్డీ చివరి గేరు పెట్టె దగ్గరో ఉంది. పక్కలకు ఊగుతుంటే పట్టాల లోపలి ఉక్కు గుండ్లు, ప్లాస్టిక్ గైడ్లు అరిగి ఉండవచ్చు, లేదా ఎత్తు మార్చే కాళ్ల దగ్గర బుష్‌లు, అంటే కీళ్లలో ఉండే చిన్న తొడుగులు, పోయి ఉండవచ్చు. కూర్చునే భాగం నిలకడగా ఉండి వీపు భాగం మాత్రమే ఊగితే లోపం వీపును వాల్చే రిక్లైనర్‌ది. సీటు ఒక పక్క ముందుకు వెళ్లి మరో పక్క వెనకబడి వంకరగా నిలిస్తే, రెండు పట్టాలనూ కలిపి తిప్పే తీగ జారింది లేదా తెగింది. ఇక ఇనుమంతా గట్టిగా ఉండి మెత్త మాత్రమే జారుతుంటే అది సీటు కవర్లు కుట్టేవారి పని. నిశ్చింతగా వారి దగ్గరికే వెళ్లండి.

నా కారులో రెండు చోట్ల గిల్లింది. వెనక ఎడమ బోల్టు దగ్గర ఒకటి, పై పట్టా దగ్గర ఇంకొకటి. ఒక చోట దొరకగానే ఆపేసి ఉంటే రెండోది తెలిసేది కాదు. అందుకే పై వరకూ వెళ్లి తీరాలంటున్నాను.

ఇంట్లో బిగించుకోవడం: ఎంత వరకు?

బోల్టు వదులైతే నా ఓటు ఇంటికే. షోరూములో ఆ రోజంతా పోతుంది, షెడ్డులో ఎంత బలంతో బిగించారో మనకు తెలియదు. ఇంట్లోనైతే మన కళ్ల ముందు, కొలిచి బిగించుకోవచ్చు.

బోల్టులు బిగించడానికి సీటును బయటికి తీయనక్కర్లేదు, బ్యాటరీ ముట్టుకోనక్కర్లేదు, కింద ఏ వైరునూ ఊడదీయనక్కర్లేదు. మోటారుతో సీటును పూర్తిగా వెనక్కి పంపితే ముందు బోల్టులు, పూర్తిగా ముందుకు తెస్తే వెనక బోల్టులు బయటపడతాయి. వాటి మీద ప్లాస్టిక్ మూతలుంటాయి. వాటిని పదునైన స్క్రూ డ్రైవర్‌తో పొడవకుండా, మొనకు గుడ్డ చుట్టి మెల్లగా లేపండి. ఎండకు ఎండిన ప్లాస్టిక్ కొక్కెం ఇట్టే విరుగుతుంది.

బోల్టు తల కొన్ని కార్లలో మామూలు ఆరు పలకలది, కొన్నింటిలో నక్షత్రం ఆకారపు గుంట ఉన్నది. నక్షత్రం బోల్టుకు సరిగ్గా సరిపోయే బిట్టే వాడాలి. ఒక సైజు తక్కువ బిట్టుతో తిప్పితే గుంట గుండ్రమైపోతుంది, ఆ తర్వాత ఆ బోల్టు షెడ్డుకు పోతే గానీ ఊడదు. బిట్టును సుత్తి పిడితో రెండు దెబ్బలు కొట్టి అడుగు దాకా కూర్చోబెట్టి, అప్పుడు తిప్పండి.

ఎంత బిగించాలి? చాలా కార్ల సీటు బోల్టులకు చెప్పే అంకె 40 నుంచి 50 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. మీ కారు సర్వీసు మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే చెల్లుతుంది. 40 న్యూటన్ మీటర్లంటే 40 సెంటీమీటర్ల పిడి చివర పది కిలోల బరువు వేలాడదీసినంత. ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అంటూ ఒళ్లంతా వేసి తొక్కితే బోల్టు సాగుతుంది, లేదా నేలలో ఉన్న నట్టు మర చెడుతుంది. ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా, టార్క్ రెంచి, సొంతంగా కొనలేకపోతే తెలిసిన టైర్ల దుకాణంలో అడిగి చూడండి. మంచి దుకాణాల్లో చక్రాల నట్లకు అది వాడతారు.

బోల్టు వేళ్లతో తిరిగేంత వదులుగా ఉంటే దాన్ని పూర్తిగా విప్పి చూడాలి. ఒక్కసారి ఒక్క బోల్టే విప్పండి, అది మళ్లీ బిగించాకే రెండోది. మర మీద మట్టి తుడిచి, నీలం రంగు మరబిగింపు జిగురు రెండు చుక్కలు వేసి బిగించాలి. ఎరుపు రంగుది వద్దు, అది మళ్లీ ఊడాలంటే వేడి పెట్టాలి. కింద కార్పెట్టు, పక్కనే ఎయిర్‌బ్యాగ్ వైరు ఉన్న చోట మంట పెట్టే పని మనకెందుకు?

బోల్టు పాడైతే కొత్తది హార్డ్‌వేర్ దుకాణంలో కొలత చూసి తెచ్చుకోకండి. పాత బోల్టు తల మీద టార్చి వేస్తే 8.8 అనో 10.9 అనో చిన్న అంకెలు కనిపిస్తాయి. అవి ఉక్కు బలాన్ని చెప్పేవి. గేటుకూ రేకుల షెడ్డుకూ వాడే బోల్టుకు ఇంత బలం ఉండదు, పొడవూ లావూ ఒకటే అయినా సరే. షోరూము విడిభాగాల కౌంటరులో కారు ఛాసిస్ నంబరు చెప్పి అదే బోల్టు తెప్పించుకోవాలి. ఇంత చిన్న వస్తువు కోసం అంత దూరం వెళ్లాలా అనిపిస్తే పైన చెప్పిన మిర్చి బస్తాల లెక్క మరోసారి చూసుకోండి.

ఇంట్లో చేసుకోదగిన రెండో పని శుభ్రం. మేడారం వెళ్లివచ్చిన కార్ల విషయంలో ఇది మరీ అవసరం. సమ్మక్క సారలమ్మలకు బంగారమని బెల్లం మొక్కుకుంటాం, దిమ్మలూ ముద్దలూ కారులోనే పెట్టుకుని తాడ్వాయి అడవి దారిన వెళ్తాం. నా సీటు కింద టార్చి వేసి చూస్తే ఎడమ పట్టా గాడిలో నల్లగా మెరుస్తూ ఏదో గట్టిపడి ఉంది. గ్రీజు అనుకుని పుల్లతో గీకితే సాగింది, వాసన చూస్తే బెల్లం. ఎండకు కరిగి గాడిలోకి జారి, జాతర దుమ్మును పట్టుకుని, మళ్లీ గట్టిపడింది. చుట్టూ చీమల వరస. సీటు ఆ చోటికి రాగానే మోటారు మూలిగేది. మోటారు పోయిందనుకుని నేను భయపడ్డది ఆ మూలుగుకే.

దాన్ని వేడి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో అద్ది అద్ది కరిగించాలి. నీళ్లు పోయకూడదు, సీటు కింద కనెక్టర్లుంటాయి. పాత బ్రష్షుతో మట్టి రాల్చి, వ్యాక్యూమ్‌తో లాగి, పూర్తిగా ఆరాక తెల్లని లిథియం గ్రీజు పలుచగా పూయాలి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి గ్రీజు పెట్టినట్టే అనుకోవద్దు. అది ఉన్న గ్రీజును కడిగేసి కొన్నాళ్లకు ఆరిపోతుంది. గ్రీజు ముద్దగా పెట్టినా తప్పే. మన దుమ్ము అందులో కలిస్తే అది ఆకురాయిలా పట్టాను అరగదీస్తుంది.

మరి అరిగిన చోట మనమే ఒక వాషరో, ప్లాస్టిక్ ముక్కో దూర్చి కదలిక ఆపవచ్చా? చాలామంది అడిగేది ఇదే. అమెరికాలో కొన్ని మోడళ్ల పవర్ సీట్లకు అచ్చంగా ఆ చోటికే చేసిన బుష్‌లు విడిగా దొరుకుతాయి. మీ మోడలుకు అలాంటిది దొరికితే, సీటును కారులోంచి దించి వాటిని పెట్టగల చెయ్యి ఉంటే, అది మంచి దారే. దొరకనప్పుడు డబ్బా రేకు ముక్కో, కేబుల్ టై ముక్కో దూర్చడం నేను చేయను, చేయమని చెప్పను. ఆ రోజుకు చప్పుడు ఆగుతుంది. కానీ ఆ ముక్క జారి గుండ్ల మధ్యకో మర పళ్లలోకో పడితే సీటు దారిలోనే ఇరుక్కుపోతుంది. అంతకంటే పెద్ద నష్టం, చప్పుడు పోయింది కాబట్టి అరుగుదల కూడా పోయిందనుకుంటాం.

సీటు దించవలసి వస్తే

చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఆరు ఎయిర్‌బ్యాగులున్న కార్లలో పక్క ఎయిర్‌బ్యాగ్ సీటు వీపులోనే ఉంటుంది. దాని వైరు సీటు కింద సాధారణంగా పసుపు రంగు కనెక్టరుతో కలుస్తుంది. ముందుగా బోల్టులు అందే చోటికి సీటును జరిపి, నాలుగూ కొద్దిగా వదులు చేసి, ఆ తర్వాత కారు తాళం ఆపి, బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి, కనీసం పది నిమిషాలు ఆగాలి. ఎయిర్‌బ్యాగ్ పెట్టెలో నిలవున్న కరెంటు దిగిపోవడానికే ఆ ఎదురుచూపు. బ్యాటరీ ముందే తీసేస్తే సీటు జరగదు, బోల్టులు అందవు.

పసుపు కనెక్టరు ఊడి ఉండగా తాళం తిప్పకూడదు. తిప్పితే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఉండిపోతుంది, దాన్ని ఆర్పడానికి కారు లోపాలు చదివే స్కానరు ఉన్న చోటికి వెళ్లవలసి వస్తుంది. ఆ వైర్లలో కరెంటు ఉందో లేదో మీటరు పెట్టి చూడటం మరీ ప్రమాదం. ఎయిర్‌బ్యాగ్‌ను పేల్చడానికి చాలా చిన్న కరెంటు సరిపోతుంది. పైగా మోటార్లున్న సీటు మామూలు సీటు కంటే బాగా బరువు, ఇద్దరు ఎత్తితే గానీ తలుపు అంచు గీరకుండా బయటికి రాదు. వీటిలో ఏ ఒక్కటి చదివి మనసులో జంకు కలిగినా దించే పని మెకానిక్కుకు వదిలేయండి. ఆ జంకు సరైనదే.

షెడ్డు, ఆటో ఎలక్ట్రీషియన్

షెడ్డు మెకానిక్కులను తక్కువ చేసి మాట్లాడటం నాకు నచ్చదు. తుప్పు పట్టి బిగుసుకున్న బోల్టును విరగకుండా ఊడదీయడం, నేలలో చెడిన నట్టుకు కొత్త మర తొడుగు వేయడం వంటి పనులు ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లుగా చేస్తున్న చేతికి వచ్చినంత బాగా ఇంకెవరికీ రావు. నేల నట్టు మర చెడితే నేరుగా అక్కడికే వెళ్లండి. కానీ ‘రంధ్రం పెద్దది చేసి లావు బోల్టు వేద్దాం’ అంటే ఒప్పుకోకండి. మర తొడుగు వేసి, పాత సైజు బోల్టే రావాలి.

నా సీటు చూసిన మేస్త్రీ, “సార్, పట్టాకు రెండు చుక్కలు వెల్డింగ్ పెడితే జన్మలో కదలదు” అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నేను వద్దన్నాను. పట్టాలు మామూలు ఇనుము కాదు, పలుచగా ఉన్నా బరువు ఆపేలా తయారు చేసిన గట్టి ఉక్కు. వెల్డింగ్ వేడికి ఆ చోట దాని గట్టితనం మారుతుంది. పైకి చూస్తే గట్టిగానే కనిపిస్తుంది, ఢీకొన్న రోజున అతుకు పక్కన చీలుతుంది. వెల్డింగ్ కరెంటు కారు శరీరం గుండా పోయి కంప్యూటర్ పెట్టెలను పాడు చేయవచ్చు. నిప్పురవ్వలు పడేది కార్పెట్టు మీద, స్పాంజి మీద. సీటు పట్టాకు వెల్డింగ్ అనే మాట ఎవరి నోట వచ్చినా కారు తీసుకుని బయటికి రండి. ఇందులో బేరానికి తావు లేదు.

సీటు అసలు జరగకపోతే, స్విచ్చు నొక్కినా చప్పుడే లేకపోతే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి. ఫ్యూజు, స్విచ్చు, సీటు కింది కనెక్టరు, ఎర్తు తీగ, ఈ వరసలో చూడమనండి. చాలాసార్లు సీటు కింద దూర్చిన గొడుగో, ఛార్జింగ్ తీగో కనెక్టరును లాగేసి ఉంటుంది. ఫ్యూజు పోతే అదే అంకె ఉన్నదే వేయాలి. మోటారు తిరిగే చప్పుడు వస్తూ సీటు కదలకపోతే లోపల ప్లాస్టిక్ గేరు పళ్లు అరిగాయని అర్థం, అప్పుడు వైర్లు ఎంత వెతికినా లాభం లేదు.

షోరూము

వారంటీ ఉంటే రెండో మాట లేదు, షోరూమే. చాలా కంపెనీలు ఇప్పుడు కొత్త కారుకు 3 ఏళ్ల వారంటీ ఇస్తున్నాయి, అదనంగా కొనుక్కున్న వారికి ఇంకా ఎక్కువ. ఆ గడువులో మీరు వేలి పరీక్ష చేయండి, బోల్టు వదులుంటే బిగించండి, అంతకు మించి ఏదీ విప్పకండి.

అక్కడ ఫిర్యాదు రాసుకునే జాబ్ కార్డులో ఏం రాయించామన్నదే సగం పని. మొదటిసారి నేను ‘సీటులో చప్పుడు’ అని రాయించాను. సాయంత్రం కారు తిరిగొచ్చింది, పట్టాలకు గ్రీజు కొట్టి ఉంది, ఫాతిమానగర్ వంతెన దిగేలోపే మళ్లీ ఠక్కుమంది. చప్పుడని రాస్తే చప్పుడుకే మందు వేస్తారు. రెండోసారి ‘బ్రేకు వేసినప్పుడు డ్రైవరు సీటు పై పట్టా ముందుకు జరుగుతోంది, కింది పట్టా కదలడం లేదు, బోల్టులు బిగువుగా ఉన్నాయి’ అని రాయించాను. షోరూము సర్వీసు సలహాదారుడిని పక్కన నిలబెట్టి, ఆయన బొటనవేలినే పట్టా మీద పెట్టించాను. మా తమ్ముడు సీటు ఊపాడు. ఆయన ముఖం చూస్తేనే తెలిసింది, ఇక వాదన అక్కర్లేదని. వారంటీకి దరఖాస్తు ఆయనే పెట్టాడు.

వారంటీ దాటితే షోరూము ఖరీదైన దారి. ఎందుకంటే అరిగింది చిన్న నట్టే అయినా సాధారణంగా విడిగా ఇవ్వరు, పట్టాల జతగానో చట్రంతో కలిపో మారుస్తారు. అయినా అరుగుదల పట్టాల లోపల ఉందని తేలితే నా మాట ఇదే: డబ్బు అక్కడే పెట్టండి. ముందుగా విడిభాగం నంబరు, ధర, కూలి విడివిడిగా రాయించుకోండి. విడిభాగం వచ్చాకే కారు ఇవ్వండి, లేకపోతే సీటు లేని కారు రోజుల తరబడి అక్కడే ఉంటుంది.

పాత సీటు కొనడం

ప్రమాదంలో దెబ్బతిన్న కార్ల నుంచి తీసిన సీట్లు చవకగా దొరుకుతాయి. పక్క ఎయిర్‌బ్యాగ్ లేని పాత కార్లకు, వారంటీ దాటిపోయిన వాటికి, ఇది ఆలోచించదగిన దారి. మిగతా వారికి నేను సిఫార్సు చేయను. కారు ఢీకొన్నప్పుడు ఆ సీటు ఎంత బరువు మోసిందో పైకి కనిపించదు. అదే మోడలైనా వేరియంటు మారితే కనెక్టరు మారవచ్చు.

నీట మునిగిన కారు సీటు మాత్రం ఎంత తక్కువకు వచ్చినా వద్దు. 2023 జూలై వానలకు హనుమకొండ, వరంగల్ కాలనీల్లో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి, వీధుల్లో కార్లు మునిగాయి. మునిగిన సీటుకు పై బట్ట మార్చితే కొత్తదానిలా ఉంటుంది. కాబట్టి బట్ట చూడకండి, తిరగేసి చూడండి. స్ప్రింగుల మీద తుప్పు, మోటారు పెట్టె అంచుల్లో ఎండిన సన్నని ఒండ్రు, కనెక్టరు పిన్నుల మీద పచ్చని పొడి. ఈ మూడింటిలో ఒక్కటి కనిపించినా అక్కడే వదిలేయండి.

పవర్ సీటు తీసేసి కింది వేరియంటు మామూలు సీటు వేసుకుందామనే ఆలోచన కూడా కొందరికి వస్తుంది. బోల్టు రంధ్రాలు కలిసినా ఎయిర్‌బ్యాగ్, బకిల్ వైర్లు కలవాలి కదా. అవి కలుస్తాయని రాసి ఇచ్చేవారు దొరికితేనే ఆ మాట.

నాకు ఏది కుదిరింది

వెనక ఎడమ బోల్టు నేనే బిగించాను. అది దాదాపు ముప్పాతిక చుట్టు తిరిగింది. ఊపు సగం తగ్గింది. మిగిలిన సగం పై పట్టాది, అది షోరూములో పట్టాల జత మార్చాకే పోయింది. విడిభాగం వచ్చేదాకా దూర ప్రయాణాలు మానుకున్నాను. ములుగులో పెళ్లికి బస్సులోనే వెళ్లాం. సీటు ఊగుతుండగా హైవే ఎక్కాలా వద్దా అని ఎవరైనా అడిగితే నా జవాబు అదే. బోల్టు వదులైతే బిగించుకుని బయల్దేరండి, పట్టా వదులైతే బస్సు ఎక్కండి.

సీటు కొత్త పట్టాలతో తిరిగొచ్చిన సాయంత్రం మా అమ్మాయి గోళ్ల రంగు సీసా అడిగి తీసుకుని, నాలుగు బోల్టుల మీద ఒక్కొక్క సన్నని గీత గీశాను, బోల్టు తల మీద మొదలై పట్టా మీదికి దిగేలా. బోల్టు ఏమాత్రం తిరిగినా గీత విరుగుతుంది. నెలకోసారి కారు కడిగే రోజున సీటు వెనక్కి పంపి, ముందుకు తెచ్చి, టార్చి వేసి చూస్తున్నాను. నాలుగు నెలలైంది, నాలుగు గీతలూ అలాగే ఉన్నాయి.